250 రూపాయల మల్టీమీటరుతో నాలుగేళ్లు

నర్సంపేట దగ్గర మాది మోటార్ల వైండింగ్ షాపు. వోల్టులు, ఆంపియర్లు కొలిచే డీటీ-830 తరహా పసుపు రంగు మల్టీమీటరు ఒకటి నాలుగేళ్ల కింద హన్మకొండ చౌరస్తాలో 250 రూపాయలకు కొన్నాను. ఏ కంపెనీదో డబ్బా మీద కూడా సరిగ్గా లేదు.

కొలతల విషయంలో దీన్ని తిట్టలేను. షాపులోని ఖరీదైన మీటరు 231 వోల్టులు చూపితే ఇది 229 చూపుతుంది. మన పనికి అది చాలు. కాకపోతే లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసపడితే రీడింగ్ తగ్గదు, పెరుగుతుంది. ఒకసారి ఆటో ఇంజిన్ నడుస్తుండగా 14 వోల్టుల చిల్లర ఉండాల్సిన బ్యాటరీ ఛార్జింగ్ 16 దాటినట్టు చూపింది. రెగ్యులేటర్ పోయిందని ఆటో అన్నకు చెప్పేశాను కూడా. పోయింది నా మీటరు బ్యాటరీ.

తిప్పే నాబ్ మొదటి ఏడాది టకటకమనేది, ఇప్పుడు వదులు. దానికంటే మీటరు రంధ్రాల్లో గుచ్చే ఎర్ర, నల్ల వైర్లు అన్యాయం. పైకి లావుగా కనిపిస్తాయి, కోసి చూస్తే లోపల వెంట్రుకల్లాంటి నాలుగు రాగి పోగులు. అవి తెగినా పై తొడుగు బాగానే ఉంటుంది, మీటరు సున్నా చూపుతుంది. కరెంటు లేదనుకుని చెయ్యి పెడతాం. అందుకే ముందు కరెంటు ఉన్న ఫేజు మీద చూసుకున్నాకే నమ్ముతాను.

అసలు సంగతి నిరుడు యాసంగిలో జరిగింది. ముందు రోజు ఒక చార్జరు ఎన్ని ఆంపియర్లు ఇస్తోందో చూసి, ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోనే మరిచిపోయాను. తెల్లారి బోరు దగ్గర నాబ్ 750 వోల్టుల ఏసీకి తిప్పి, స్టార్టర్ డబ్బాలో రెండు ఫేజుల మధ్య పెట్టాను. అక్కడ 415 వోల్టులు. ఢామ్మంది. వైరు చివరి లోహపు పుల్ల మొన సగం కరిగి ముద్దయింది, డబ్బా తలుపు మసిబారింది, నా కనుబొమ్మలు కమిలాయి.

"ఏంది బిడ్డా, మోటరు కాలిందా?" అన్నాడు బోరు కాకా.

"మోటరు కాదు కాకా, మీటరు."

ఇంటికొచ్చి విప్పి చూశాను. 10 ఆంపియర్ల రంధ్రం నుంచి నల్ల వైరు గుచ్చే కామన్ రంధ్రానికి ఒక లావు తీగ వంపు తిరిగి నేరుగా కలిసి ఉంది. నాబ్ ఎటు తిప్పినా దానికి సంబంధం లేదు, మధ్యలో ఫ్యూజూ లేదు. అంటే రెండు ఫేజులనూ నేనే నేరుగా షార్ట్ చేశాను. రంధ్రం పక్కన 'అన్‌ఫ్యూజ్డ్' అని నిజాయితీగానే రాశారు, నేనే పట్టించుకోలేదు. వోల్టులు చూసేటప్పుడు ఎర్ర వైరు గుచ్చాల్సిన రెండో రంధ్రానికి ఉన్నది 250 వోల్టుల గాజు ఫ్యూజు. 415 మీద అది తెగినా లోపల మంట ఆగుతుందన్న భరోసా లేదు. మంచి మీటర్లలో ఇసుక నింపిన పింగాణీ ఫ్యూజు వేసేది ఆ మంటను చంపడానికే.

ముందువైపు క్యాట్ 3 అని భద్రత తరగతి అచ్చు వేశారు. క్యాట్ అంటే వోల్టుల లెక్క ఒక్కటే కాదు, ట్రాన్స్‌ఫార్మరుకు ఎంత దగ్గర పనిచేస్తున్నామన్నది. ఇంటి ప్లగ్గు 2, పంపిణీ బోర్డు 3, సర్వీసు మీటరు, స్తంభం వైపు 4. దగ్గరికి పోయేకొద్దీ షార్టయితే దూకే కరెంటు అంత ఎక్కువ. ఈ లోపలి సరుకు చూశాక ఆ 3 అంకెను నేను నమ్మను.

బోర్ల దగ్గరికి ఇప్పుడు రెండు రంధ్రాలకూ సరైన ఫ్యూజులున్న వేరే మీటరు తీసుకెళ్తున్నాను. దీనికి లావు వైర్లు మార్చి బ్యాటరీలు చూడటానికి బల్ల మీద ఉంచాను. పని నేర్చుకునే పిల్లగాడు దీంతోనే మొదలుపెట్టాడు. 10 ఆంపియర్ల రంధ్రాన్ని మాత్రం ఎంసీల్‌తో పూడ్చేశాను.