రెండు సొరుగుల పాత బల్ల, అర లీటరు చాక్ పెయింట్

హైదరాబాదులో పురానాపూల్ దగ్గర గురువారం నాడు జరిగే జుమ్మేరాత్ బజారులో, గత వేసవిలో, రెండు సొరుగులున్న చిన్న టేకు బల్లను 900 రూపాయలకు కొన్నాను. కాళ్లు గట్టిగా ఉన్నాయి, సొరుగులు బిగుసుకోకుండా జారుతున్నాయి, చెద జాడ లేదు. ఎప్పుడో కొట్టిన వార్నిష్ మాత్రం నల్లబడి, అక్కడక్కడ పెచ్చులుగా లేచి, చూసినవాళ్లు ఇది పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదనుకునేలా ఉంది. దానికి షాబీ షిక్ పద్ధతిలో కొత్త రూపం ఇవ్వాలని ఒక దేశీ కంపెనీ చాక్ పెయింటును, అర లీటరు డబ్బా 640 రూపాయలకు, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఆ పెయింటు ఎక్కడ మాట నిలబెట్టుకుంది, ఎక్కడ తప్పింది అన్నదే ఈ సమీక్ష.

ఇంగ్లండులోని పల్లెటూరి ఇళ్లలో తరాల తరబడి వాడగా అంచులు అరిగి, రంగు వెలిసిన సామానులో ఉండే అందాన్ని కావాలని తెచ్చిపెట్టడమే షాబీ షిక్. ఇంగ్లండులో పుట్టిన రేచెల్ ఆష్‌వెల్ 1989లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఆ పేరుతోనే దుకాణం తెరిచారు. మరుసటి ఏడాది, అంటే 1990లో, ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఆనీ స్లోన్ చాక్ పెయింటును తయారుచేశారు. నేను తెప్పించుకున్నది ఆ అసలు సరుకు కాదు, ఆ బాటలో ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్న రకం. నీటితో కలిసే రంగులో సుద్ద వంటి ఖనిజపు పొడి బాగా దట్టించడం వల్ల అది మెరుపు లేకుండా ఆరుతుంది, ఉప్పుకాగితానికి మెత్తగా లొంగుతుంది. రంగుకు సుద్దను తోడు చేసుకోవడం మనకు కొత్త కాదు. కొండపల్లి బొమ్మకు కూడా తెల్లపొణికి కర్ర మీద చింతగింజల మక్కు (ముద్ద) పెట్టి, సున్నపు పూత వేశాకే రంగులు దిద్దుతారు.

డబ్బా మీద రాసిన ముఖ్యమైన మాట ఏమిటంటే, చెక్కను రుద్దనక్కరలేదు, ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగుపూత) అక్కరలేదు, నేరుగా వేసుకోవచ్చు అని. నేను ఆ మాటను నమ్మి, బల్లను సబ్బునీళ్లతో తుడిచి, ఒక పూట ఆరబెట్టి, మీగడ రంగు మొదటి కోటు వేశాను. పట్టు విషయంలో లోపమేమీ లేదు. ఏప్రిల్ ఎండకు గంటలోపే ఆరింది, గోటితో గీరినా ఊడలేదు, కుంచె జాడలు కూడా ఈ పద్ధతికి తగినట్టుగానే అందంగా నిలిచాయి. తెల్లవారి చూసేసరికి మాత్రం సొరుగుల ముఖాల మీద పలచని టీ ఒలికినట్టు గోధుమరంగు మరకలు తేలి ఉన్నాయి. కోటు పలచన అయిందేమో అనుకుని రెండోది వేశాను. అది తడిగా ఉన్నంతసేపు తెల్లగానే ఉండి, ఆరుతూ ఉండగా నా కళ్ల ముందే అవే మరకలు అవే చోట్ల మళ్లీ పైకి వచ్చాయి.

తప్పు కుంచెది కాదు, టేకుది కూడా కాదు, డబ్బా మీది మాటది. టేకులో సహజంగా ఉండే టానిన్ వంటి పదార్థాలు, పాత పాలిష్‌లోని రంగు, పెయింటులోని నీటికి కరిగి పైపొరలోకి ఎక్కుతాయి. ముదురు రంగు వేస్తే అవి కనిపించవు. తెలుపు, మీగడ, లేత నీలం వంటి షాబీ షిక్ రంగుల్లో దాగవు. ఎన్ని కోట్లు వేసినా ప్రయోజనం ఉండదు. మా వీధి వడ్రంగి చెప్పినట్టు స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్‌ను ఆ మరకల మీద ఒక్క చేయి వేసి, ఆరనిచ్చి, ఆపైన మూడో కోటు వేసిన తరువాతే మీగడ రంగు మీగడలా నిలిచింది. ఆ లక్కకు అయిన ఖర్చు 120 రూపాయలు. మొదటే వేసి ఉంటే ఒక కోటు పెయింటు, రెండు రోజుల సమయం మిగిలేవి. ప్రైమర్ అక్కరలేదన్న మాట పక్కనే టేకు, రోజ్‌వుడ్ వంటి ముదురు కలపలకు ఇది వర్తించదని ఒక్క వాక్యం రాసి ఉండవలసింది. ఈ పెయింటుకు నేను మార్కులు తగ్గించేది ముఖ్యంగా ఇక్కడే.

అరగదీసే పని దగ్గర ఈ పెయింటు నన్ను పూర్తిగా మెప్పించింది. మొదటి కోటుకు ముందే బల్ల అంచుల మీద, కాళ్ల మూలల మీద మామూలు కొవ్వొత్తిని రుద్దాను. మైనం ఉన్నచోట రంగు సరిగా పట్టదు. ఆరిన తరువాత 220 నంబరు సన్నరకం ఉప్పుకాగితంతో ఆ చోట్లను మెల్లగా నిమిరితే రంగు మెత్తటి పొడిగా రాలి, కింది టేకు సన్నని గీతలా బయటపడింది. ఆయిల్ పెయింటు అయితే పెచ్చులుగా లేచేది. ఎక్కడ రుద్దాలన్నది మాత్రం ఆలోచించి చేయవలసిన పని. సొరుగు లాగేటప్పుడు వేళ్లు తగిలే పిడి చుట్టూ, పైపలక అంచున, చీపురు తగిలే కాళ్ల అడుగున అరిగితేనే అది వాడకం వల్ల వచ్చిన అరుగుదలలా కనిపిస్తుంది. పలక నడుమ గీతలు పెడితే ఎవరో పాడుచేసినట్టే ఉంటుంది.

పాత రంగు ఉన్న సామాను కొన్నవారికి ఒక హెచ్చరిక చేయాలి. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎమ్ (పది లక్షల వంతుల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఆయిల్ పెయింటును పొడిగా రుద్దవద్దు. తడిపి రుద్దండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి, పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకండి.

పెయింటుకు పైపూతగా అదే కంపెనీ మైనం 200 గ్రాములు 350 రూపాయలకు తీసుకున్నాను. పలచగా రెండుసార్లు పూసి నూలుగుడ్డతో రుద్దితే చేతికి నునుపుగా తగిలింది, రంగు కొంచెం చిక్కబడింది. అయితే నెల తిరగకముందే పైపలక మీద వేడి కాఫీ గ్లాసు పెట్టిన చోట గుండ్రటి మచ్చ పడింది. మైనం వేడికి మెత్తబడుతుంది కాబట్టి కాళ్లకు, సొరుగులకు అది చాలు; పైపలకకు మెరుపు లేని నీటి వార్నిష్ మేలని ఇప్పుడు నా అభిప్రాయం.

640 రూపాయలు కూడా ఎక్కువ అనుకునేవారి కోసం ఇంట్లో కలిపిన రకాన్ని ఒక పాత కుర్చీ మీద పరీక్షించాను. ఒక వంతు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను సమానమైన గోరువెచ్చటి నీటిలో ఉండలు లేకుండా కలిపి, గోడలకు మిగిలిపోయిన ఎమల్షన్ మూడు వంతులు చేర్చాను. కుర్చీకి బాగానే పట్టింది, ఖర్చు 50 రూపాయలు దాటలేదు. కానీ మిశ్రమం చూస్తూ ఉండగానే చిక్కబడటం మొదలైంది. మిగిలినది మరునాటికి గడ్డకట్టింది. ఆరిన పూత కొన్నదానికంటే గరుకుగా ఉంది. కుర్చీలకు, గోడ అరలకు ఇది చాలు. రోజూ చేయి తగిలే సొరుగులకైతే నేను డబ్బానే కొంటాను.

మీ ఇంట్లో ఉన్నది చెక్కడపు పనితనం గల మంచి టేకు భోషాణమో, రోజ్‌వుడ్ కుర్చీయో అయితే దయచేసి దాని మీద ఏ చాక్ పెయింటూ వేయకండి. సూక్ష్మమైన చెక్కడంలో చేరిన రంగును తిరిగి తీయడం వడ్రంగికి కూడా కష్టం. దానికి కావలసింది మంచి పాలిష్ మాత్రమే. నా బల్లకు చెక్కడం లేదు, వార్నిష్ పోయింది, పైపలకకు రెండు అతుకులు ఉన్నాయి, కనుకనే రంగుకు తగింది. బల్ల, పెయింటు, మైనం, లక్క, ఉప్పుకాగితం అన్నీ కలిపి 2,050 రూపాయలు అయ్యాయి. అయిదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను. డబ్బాలో పావు వంతు ఇంకా మిగిలింది. మూత బిగించి తలకిందులుగా పెట్టాను, ఈసారి అద్దం చట్రానికి ముందుగా లక్క వేసి, ఆ తరువాతే దాన్ని తెరుస్తాను.