ఇత్తడి, నాచు, దాల్చినచెక్క: చెన్నై ఎండల్లో నాలుగేళ్ళ జుట్టు రంగులు

సెలూన్ కుర్చీలోంచి లేచేటప్పుడు ఏ రంగైనా బాగానే ఉంటుంది. బ్లో డ్రై చేసి, సీరం రాసి, ఆ పసుపు లైట్ల కింద నిలబెట్టి ఫొటో తీస్తే ఎవరైనా మురిసిపోతాం. దాని అసలు సంగతి తెలిసేది ఆరు వారాల తర్వాత, మే నెల మిట్టమధ్యాహ్నం హెల్మెట్ తీసి స్కూటర్ అద్దంలో మొహం చూసుకున్నప్పుడు.

మాది నెల్లూరు. పదకొండేళ్ళుగా వేళచ్చేరిలో ఉంటున్నాం, ఆఫీసు పెరుంగుడిలో. 2022 నుంచి వరసగా నాలుగు ఎండాకాలాలు రంగు జుట్టుతో గడిపాను. ఎండాకాలం రాగానే "ఈసారి ఏ షేడ్ నడుస్తోంది" అని వెతికే బాపతే నేనూ. ఇప్పుడు షేడ్ కార్డు చేతికిస్తే ఒక్కటే అడుగుతాను: ఇది వెలిశాక ఏ రంగులోకి దిగుతుంది? ఈ ప్రశ్న నేర్చుకోవడానికి నాకు నలభై వేల దాకా అయింది.

ముందు నీళ్ళ గురించి చెప్పాలి. ఈ ఊళ్ళో జుట్టు గోలలో సగం అక్కడే ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళు, అది అడుగంటితే లారీ నీళ్ళు. ఆర్వో ఫిల్టర్ మార్చడానికి వచ్చినతను సరదాకి స్నానాలగది కొళాయి నీళ్ళలో మీటరు ముంచితే 1,140 చూపించింది. తాగే నీళ్ళలో కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటుంది. బీఐఎస్ ఒప్పుకుంటే ఏం లాభం, నా జుట్టు ఒప్పుకోలేదు. బకెట్ అంచున తెల్లగా పెచ్చు కడుతుంది చూశారా, ఆ కాల్షియం, మెగ్నీషియమే వెంట్రుక మీదా పేరుకుంటాయి. రంగు మసకబారుతుంది, దువ్వెన దిగదు. నీళ్ళలో ఇనుము కూడా ఉంటే రంగు నారింజ వైపు లాగుతుంది. దీనికి తోడు కత్తిరి వెయిల్ (మే నెల మండుటెండల) రోజుల్లో చెమట పట్టి రోజు విడిచి రోజు తలస్నానం. తలస్నానం చేసినప్పుడల్లా కొంత రంగు మోరీలోకి పోతుంది. మిగిలింది ఎండ చూసుకుంటుంది.

మొదటి ఏడు బర్గండీ. తలంతా ఒకటే రంగు, బ్లీచ్ లేకుండా, 4,800 రూపాయలు. వారం రోజులు రాజభోగం. తర్వాత తలంటుకున్నప్పుడల్లా స్నానాలగది నేల గులాబీ రంగు, తువ్వాళ్ళు గులాబీ రంగు, దిండు గలీబులు చెప్పక్కర్లేదు. ఒకరోజు ఆఫీసు లిఫ్టులో పక్కనావిడ "మెడ మీద దెబ్బ తగిలిందా?" అని కంగారుపడింది. చెమటతో దిగిన రంగు! అయిదో వారానికి పాత ఇటుక రంగుకి వచ్చింది. ఎరుపు షేడ్లు తొందరగా వెలుస్తాయని అందరూ చెప్పేదే, నాకు తెలిసొచ్చింది. ఒకప్పుడు ఈ మద్రాసు గళ్ళ గుడ్డనే అమెరికాలో "రంగు దిగడం గ్యారంటీ" అని చెప్పి మరీ అమ్ముకున్నారు, ఉతికిన కొద్దీ అందంగా వెలుస్తుందని. ఆ తెలివి నాకు అప్పుడు లేదు. ఇంకో సంగతి, తలంతా వేయించుకుంటే పాపిట దగ్గర గీత పడుతుంది. జుట్టు నెలకి అరంగుళం పెరుగుతుంది, రెండు నెలలకే నల్ల మొదళ్ళూ ఎర్ర జుట్టూ వేరువేరుగా కనిపిస్తాయి.

ఇక 2023. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను.

ఆ ఏడు ఎక్కడ చూసినా యాష్ బీజ్ హైలైట్స్. బూడిద కలిసిన లేత గోధుమ రంగు. చల్లగా, సముద్రపు గాలిలా ఉంటుంది ఫొటోల్లో. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్ళ జుట్టు పుట్టుకతోనే లేత రంగు అన్న సంగతి నేను పట్టించుకోలేదు. సెలూన్ల లెక్కలో నలుపు 1, అతి లేత బంగారు రంగు 10. మనవి 1 నుంచి 3 మధ్య ఉంటాయి. యాష్ బీజ్ కనబడాలంటే 8 దాకా ఎక్కాలి, అది బ్లీచ్ పని. నలుపు నేరుగా తెల్లబడదు. ముందు ఎర్రబడుతుంది, తర్వాత నారింజ, తర్వాత పసుపు, ఆ తర్వాత అరటితొక్క లోపలివైపు ఉండే లేత పసుపు. కనీసం పసుపు దాకా వెళ్ళి, దాని మీద బూడిద రంగు టోనర్ (బ్లీచ్ తర్వాత వేసే పలచని రంగు) వేయాలి.

అంతకుముందు డిసెంబరులో చెవుల దగ్గర తెల్ల వెంట్రుకలు కనిపిస్తున్నాయని బ్లాక్ హెన్నా పొడి తెచ్చి తలంతా పట్టించాను. అందులో నీలి ఆకు ఉంటుంది, నలుపు దానివల్లే వస్తుంది. సెలూన్‌లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. బ్లీచ్ పెట్టి నలభై నిమిషాలయ్యాక ఆ అమ్మాయి జుట్టుకి చుట్టిన మొదటి రేకు విప్పింది. మొహం పాలిపోయింది. రెండోది విప్పింది. "అక్కా, హెన్నా పోట్టీంగళా?" (హెన్నా పెట్టారా?) అని మెల్లగా అడిగింది. అద్దంలో చూసుకున్నాను. కొత్తగా పెరిగిన రెండంగుళాలు నారింజ, దాని కిందంతా కోనేటి నాచు. నీలి రంగు పట్టిన జుట్టుకి బ్లీచ్ తగిలితే ఆకుపచ్చ తేలుతుందని నాకు అలా తెలిసింది. ఆకుపచ్చని చంపడానికి ఎరుపు కలిపిన గోధుమ రంగు పైన పూశారు, 9,500 బిల్లు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. రాసుకునే కాగితం మీద "ఇంతకుముందు ఏం వాడారు" అన్న ఒక్క గడి ఉంటే ఈ బాధ ఉండేది కాదు కదా!

మూడు వారాల్లో ఆ పూత కూడా దిగిపోయింది. పైన ఇత్తడి, కింద నాచు. సరిగ్గా అప్పుడే నెల్లూరులో మా పిన్ని కూతురి పెళ్ళి. బస్సు దిగగానే మా అమ్మ జడ చివర పట్టుకుని "ఏందిమే ఇది, చింతపండేసి తోముదామా?" అంది. ఇత్తడి బిందెని తోమినట్టన్నమాట. పెళ్ళిలో మూరెడు మల్లెపూలతో కొంత కప్పిపెట్టాను. తిరిగొచ్చాక పర్పుల్ షాంపూ కొని రెండు నెలలు రుద్దాను, 900 దండగ. ఊదా రంగు షాంపూ పసుపుని కొడుతుంది, నారింజకి నీలం షాంపూ కావాలి. అప్పుడు నా తలమీద ఉన్నది నారింజ! రంగు సరిచేయించుకోవడానికి ఇంకో మూడు వేలు. అంతా అయ్యాక చూస్తే తడి వెంట్రుక పట్టి లాగితే ఉడికిన సేమ్యాలా సాగి తెగేది.

2024లో వేరే సెలూన్‌కి వెళ్ళాను. అక్కడతను ఇరవై నిమిషాలు ప్రశ్నలే అడిగాడు. హెన్నా ఎప్పుడు, రంగు ఎప్పుడు, ఇంట్లో ఏ నీళ్ళు, ఈత కొడతారా, హెల్మెట్ ఎంతసేపు. జుట్టు అడుగున నాలుగు వెంట్రుకలు కత్తిరించి, వాటికి బ్లీచ్ పెట్టి చూశాడు. చెవి వెనక చుక్క రంగు రాసి 48 గంటలాగి రమ్మన్నాడు. 2022లో ఎవరూ ఈ పని చేయలేదు, అప్పుడు చెవి వెనక మూడు రోజులు దురద పెడితే చెమటకాయలనుకున్నాను. చాలా రంగుల్లో పీపీడీ అనే పదార్థం ఉంటుంది, పడనివాళ్ళకి అది మొహం వాచేలా చేస్తుంది. అమోనియా లేదని డబ్బా మీద పెద్దక్షరాలతో రాసినా పీపీడీ ఉండొచ్చు. "నాచురల్" అన్న బ్లాక్ హెన్నాల్లో కూడా ఉండొచ్చు. వెనకవైపు సన్నక్షరాలు చదవాల్సిందే.

నేను మళ్ళీ యాష్ ఫొటో చూపిస్తే అతను కుదరదన్నాడు. దాల్చినచెక్క రంగు, బాలయాజ్ పద్ధతిలో, చెవుల కిందనుంచి చివర్ల దాకా. మొదళ్ళు నల్లగానే వదిలేశాడు. కుంచెతో చేత్తో పూస్తారు కాబట్టి ఎక్కడ మొదలైందో తెలియదు, పెరిగినా గీత పడదు. నాలుగు గంటలు, 11,000. నొప్పిగానే ఉంది, ఒప్పుకుంటాను.

కానీ దీని కిటుకు రెండు నెలల తర్వాత తెలిసింది. ఈ రంగు కోసం జుట్టుని నారింజ దాకా మాత్రమే ఎక్కిస్తారు, దాని మీద అదే కుటుంబపు గోధుమ రంగు వేస్తారు. పైది వెలిసినా కిందది పరాయి రంగు కాదు. మే చివరికి దాల్చినచెక్క కాస్తా కొత్తబెల్లం రంగుకి వచ్చింది, చూసినవాళ్ళు మళ్ళీ వేయించావా అని అడిగారు. యాష్‌కి ఇది కుదరదు. బూడిద పోతే కింద ఇత్తడే. నాలాంటి చామనఛాయకి కూడా ఈ రంగే నప్పింది, యాష్‌లో జ్వరం తగిలి లేచినదానిలా ఉండేదాన్ని. చెవుల దగ్గర తెల్ల వెంట్రుకలు మాత్రం మొదళ్ళలో కనిపిస్తూనే ఉన్నాయి. వాటి జోలికి పోవడం మానేశాను.

అప్పట్నుంచి మూడు నెలలకోసారి మెరుపు పూత (గ్లాస్ అంటారు) ఒక్కటే, 2,500. తలస్నానం వారానికి రెండుసార్లు, మిగతా రోజులు చెమట పోయేలా ఉత్త నీళ్ళు. ఆఖర్న రెండు లీటర్ల ఆర్వో నీళ్ళు పోసుకుంటాను, మా ఆయన ప్రతిసారీ సణుగుతాడు. ముందురోజు రాత్రి కొబ్బరినూనె. నీళ్ళ పెచ్చు వదలగొట్టే షాంపూ నెలకోసారి, అంతకంటే ఎక్కువ వాడితే రంగూ పోతుంది. హెల్మెట్ కింద నూలు చున్నీ. ఆదివారం మా వాడితో ఈతకి దిగే ముందు తల మంచినీళ్ళతో పూర్తిగా తడిపేస్తాను. అప్పటికే తడిసి ఉన్న జుట్టు క్లోరిన్ నీళ్ళని తక్కువ పీలుస్తుంది. కుంకుడుకాయ మానేశాను, అమ్మకి ఇంకా చెప్పలేదు.

లోపాలూ ఉన్నాయి. చివర్లు ఎప్పుడూ కాస్త పీచుగానే ఉంటాయి. ట్యూబ్‌లైట్ కింద ఈ రంగు దాదాపు కనబడదు, బెసంట్ నగర్ బీచ్‌లో సాయంత్రం ఎండ పడితేనే తెలుస్తుంది. ఆఫీసు ఏసీ గదిలోనే గడిపేవాళ్ళు పదకొండు వేలు పోసేముందు ఒకసారి ఆలోచించుకోండి. రోజూ నూనె పెట్టి బిగించి జడ వేసుకునేవాళ్ళకి దండగ.

2023 నాటి జుట్టు పెరుగుతూ పెరుగుతూ ఇప్పుడు ఆఖరి రెండంగుళాలకి దిగింది. ఎంత గోధుమ రంగు వేసినా ఎండలో పట్టి చూస్తే అందులో ఆ నాచు ఛాయ ఇంకా తెలుస్తుంది. వచ్చే శనివారం కత్తిరించేస్తున్నాను.