నలుగురితో కయాకింగ్: సింగిలా, డబులా?

వానలు తగ్గి మా వాట్సాప్ గ్రూపులో వికారాబాద్ దగ్గరి కోట్‌పల్లి రిజర్వాయర్‌లో కయాకింగ్‌కు, అంటే తెడ్డేసుకుంటూ చిన్న పడవల్లో తిరగడానికి, ప్లాన్ పడగానే మొదలయ్యే ప్రశ్న ఇదే: "మామా, సింగిల్ చెప్పాలా, డబుల్ చెప్పాలా?" ఈసారి కొత్తగా వస్తున్న ముగ్గురూ విడివిడిగా నాకే మెసేజ్ పెట్టారు. అందుకే అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నా.

సింగిల్ అంటే ఒక్కరు నడిపే 10 అడుగుల పడవ, 20-25 కిలోలు. ఇద్దరు చెరో కొస పట్టుకుంటే తేలిగ్గా నీళ్లలోకి దిగుతుంది. ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. కోట్‌పల్లిలో నీళ్ల మధ్య నిలబడ్డ చెట్ల సందుల్లో దూరాలంటే దీన్ని మించింది లేదు. కొంగ కనబడితే తెడ్డు ఒళ్లో పెట్టుకుని ఎంతసేపైనా చూస్తూ కూర్చోవచ్చు. "ఎందుకాగావ్?" అని వెనక సీటు నుంచి అడిగేవాళ్లుండరు. నేర్చుకోవడానికీ సింగిలే మంచిది. పడవ పక్కకు పోతే తప్పు ఎవరిదన్న వాదనే రాదు.

ఇద్దరు ముందూ వెనకా కూర్చునే డబుల్ 12-13 అడుగులుంటుంది, 30 కిలోల పైమాటే. ఒడ్డు మీద మోస్తే నడుం పట్టేస్తుంది. నీళ్లలో మలుపు తిరగడానికి దానికి మహా బద్ధకం. ఇక గొడవల సంగతి. పోయిన ఏడాది మా గ్రూపులో ఒక జంట చెట్ల దగ్గర పావుగంట గుండ్రంగా తిరిగింది.

"నువ్వు కుడివైపు వెయ్యవే!"

"వేస్తూనే ఉన్నా. మీరెందుకు ఎడమ వేస్తున్నారు?"

నీళ్ల మీద మాట ఎంత దూరం పోతుందో ఆరోజు తెలిసింది. ఒడ్డున టీ తాగుతున్న మాకు ఒక్క ముక్క కూడా పొల్లుపోలేదు.

తప్పు పడవది కాదు. ఆయన బరువైన మనిషి, ముందు కూర్చున్నాడు. దాంతో పడవ ముక్కు దిగి తోక తేలింది. అలా ఉంటే ఎవరేసినా తిన్నగా పోదు. బరువున్నవాళ్లు వెనక కూర్చోవాలి. ముందున్నవాళ్లు ఒకే వేగంతో తెడ్డు వేస్తూ పోవాలి, వెనకున్నవాళ్లు ఆ తెడ్డును చూస్తూ అదే లెక్కలో వెయ్యాలి. దారి మళ్లించే పని కూడా వెనకవాళ్లదే. ముందువాళ్లకు వీపున కళ్లుండవు కాబట్టి వెనక్కి చూసి తిట్టుకుని లాభం లేదు.

ఇంతవరకూ చదివితే సింగిలే నయమనిపిస్తుంది. ఒక్కరే వెళ్లేట్టయితే నేనూ అదే అంటాను. గుంపుతో వెళ్లేటప్పుడు మాత్రం నేను చూసేది ఒక్కటే: తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి.

పొద్దున ఏడింటికి ఆకు కూడా కదలదు. పది దాటాక గాలి లేస్తుంది. మూడేళ్ల కిందట ఏడుగురం ఏడు సింగిల్స్ తీసుకున్నాం. గాలి వీపున తోస్తుంటే అవతలి ఒడ్డుకు నవ్వుకుంటూ పోయాం. రావడమే రాలేకపోయాం. గంటకు 5 కిలోమీటర్లు పోయేవాడికి కిలోమీటరున్నర అంటే 18 నిమిషాలు. 3 కిలోమీటర్లే పోగలిగినవాడికి అరగంట. ఇది గాలి లేనప్పటి లెక్క. గాలిలో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. పోనీ ఆగి ఎదురుచూద్దామంటే, తెడ్డు ఆపిన మరుక్షణం గాలి మనల్ని వెనక్కి తోసేస్తుంది. ముందున్నవాళ్లు ఆగలేక వెళ్లిపోయారు. వెనకపడ్డవాడు ఒంటరిగా, అరచేతుల్లో బొబ్బలతో, ఒక చెట్టు కొమ్మ పట్టుకుని కూర్చున్నాడు. నేనూ ఇంకొకడూ వెనక్కి వెళ్లి తాడు కట్టి లాక్కొచ్చాం. అప్పటిదాకా నాకున్న టెన్షన్ ఇంతా అంతా కాదు.

డబుల్‌లో ఈ తేడా సర్దుకుపోతుంది. బలమున్నవాళ్లకు జతగా కొత్తవాళ్లను వేస్తే పడవలన్నీ దాదాపు ఒకే వేగంతో పోతాయి. ఒకరు అలిసిపోయి తెడ్డు అడ్డంగా పెట్టుకున్నా పడవ నడుస్తూనే ఉంటుంది. పైగా ఇద్దరి బలం ఒకే పడవను లాగుతుంది, పొడుగు పడవ కాబట్టి బాగా సాగుతుంది కూడా. వెడల్పు ఎక్కువ కనక అంత తొందరగా బోల్తా కొట్టదు. కొట్టినా, ఒకరు అవతలి అంచు పట్టుకుంటే రెండోవాళ్లు బోర్లా పాకి ఎక్కొచ్చు. అందరూ బేసి సంఖ్యలో ఉంటే మిగిలిన ఒక్క సింగిల్ బాగా అనుభవమున్నవాళ్లకివ్వండి, వాళ్లు అందరికన్నా వెనక రావాలి.

మిగతావాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పంపుతో గాలి నింపుకునే కయాక్ కారు డిక్కీలో పడుతుంది, కానీ ఎదురుగాలిలో బెలూనే. మనం తీసుకునేవాటిలా పైన కాకుండా, పడవ లోపల కాళ్లు పెట్టి కూర్చునే రకం బోల్తా పడితే నీళ్లు నిండిపోతాయి, తోడి మళ్లీ ఎక్కడం నేర్చుకోనివాళ్లు దాని జోలికి పోవద్దు. నిలబడి తెడ్డు వేసే బోర్డు ఫొటోలకు బాగుంటుంది. హైదరాబాద్ దుర్గం చెరువులో అరగంట తిరిగి రావడానికైతే ఏది తీసుకున్నా ఒకటే.

ఈసారి మేం తొమ్మిదిమందిమి: నాలుగు డబుల్స్, ఒక సింగిల్. బయల్దేరే ముందు ఫోన్ చేసి బోటింగ్ నడుస్తోందో లేదో, డబుల్స్ ఎన్నున్నాయో కనుక్కుంటాను. పోయినేడు గుండ్రంగా తిరిగిన జంట మాత్రం వేర్వేరు పడవల్లో వస్తున్నారు. వాళ్లే అడిగారు.