సొంతంగా గీసుకున్న లోగో, డబ్బిచ్చి గీయించిన లోగో: రెండింటినీ ఏళ్ల తరబడి వాడిన తర్వాత

హనుమకొండలో మాది తివాచీల దుకాణం. వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసిన జంపఖానాలు, యోగా చాపలు, బల్ల మీద పరిచే గుడ్డలు తెప్పించి, మా పేరుతో లేబుల్ కుట్టించి, కొంత ఇక్కడా ఎక్కువ భాగం పార్సిళ్లలో బయటి ఊళ్లకూ అమ్ముతాము. ఈ వ్యాపారానికి మొదటి లోగోను కాన్వా అనే ఆన్‌లైన్ డిజైన్ యాప్‌లో నేనే తయారు చేసుకున్నాను. కొన్నేళ్లు దానితో నడిచాక ఒక వృత్తి డిజైనర్‌కు డబ్బిచ్చి రెండోది గీయించాను. ఇప్పుడు అది కూడా పాతబడేంత కాలం వాడాను. బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద, అట్టపెట్టె మీద, బట్ట మీద ఏది నిలబడిందో, ఏది నిలబడలేదో చూసినవాణ్ని కాబట్టి, లోగో సొంతంగా చేసుకోవాలా, డిజైనర్‌కు ఇవ్వాలా అన్న ప్రశ్నతో తలపట్టుకునే తోటి చిన్న వ్యాపారుల కోసం రాస్తున్నాను.

ముందుగా సొంత లోగోకు దక్కవలసిన మెప్పు దానికి దక్కాలి. మేము మొదలుపెట్టినప్పుడు దుప్పట్లు కూడా అమ్మేవాళ్లం, తర్వాత మానేశాము. దుకాణం పేరులో ఒక మాట మారింది. కొనేవాళ్లు ఊళ్లోవాళ్లు అనుకుంటే బెంగళూరు, పుణె వాళ్లు ఎక్కువయ్యారు. ఇంకా కుదురుకోని వ్యాపారానికి పైసా ఖర్చు లేకుండా రాత్రికి రాత్రి మార్చుకోగలిగే లోగోకు మించినది లేదు. వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, కంప్యూటర్ బిల్లు మీద అది చక్కగా పనిచేసింది. తెలుగు అక్షరాలకు కూడా ఇప్పుడు కొరత లేదు. రామభద్ర, మల్లన్న, సురన్న, ధూర్జటి, తిమ్మన వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వాటి లైసెన్సు వ్యాపారానికి వాడుకోవడాన్ని అనుమతిస్తుంది. చౌరస్తా డీటీపీ దుకాణాల్లో ఇప్పటికీ నడిచే అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాలు) కావు కనుక, అక్కడ కొట్టించిన పేరు మన ఫోన్‌లో తెరుచుకోదు. ఈ కొత్త ఫాంట్లతో ఆ బాధ లేదు.

ఇబ్బంది మొదలైంది లోగో తెర దిగి వస్తువు మీదికి వెళ్లినప్పుడు. మా పేరులో ఒక క్ష, రెండు ఒత్తులు ఉన్నాయి. వాటికి పైన కాకతీయ తోరణం బొమ్మ ఉండేది. ఫోన్‌లో ఎంతో ముచ్చటగా కనిపించిన ఆ బొమ్మను అంగుళన్నర వెడల్పు నేత లేబుల్ మీదికి తీసుకువెళ్లాము. అలాంటి లేబుల్‌లో గీతలు సిరాతో కాక దారాలతో ఏర్పడతాయి, దారం మందం కన్నా సన్నని ఖాళీ అక్కడ నిలవదు. తోరణం స్తంభాలకూ అడ్డదూలానికీ మధ్య ఉన్న సందులు పూడిపోయి గుమ్మం కాస్తా దిమ్మె అయింది, ఒత్తులు రెండూ చుక్కలుగా మిగిలాయి. జంపఖానా మూల తిప్పి చూసినవాళ్లకు దుకాణం పేరు చదవడానికే రాలేదు.

రెండో ఇబ్బంది ఫైల్‌ది. ఫ్లెక్సీ దుకాణంలో ఆపరేటర్ నా ఫైల్ తెరిచి చూసి, "అన్నా, ఇది జేపీజీ, పెద్దగ చేస్తే పగుల్తది. కోరల్ ఫైల్ ఉంటే పంపు" అన్నాడు. జేపీజీ, పీఎన్‌జీ రెండూ చుక్కలతో కూర్చిన బొమ్మలు. ఎంత పెంచితే అంత అంచులు మెట్లు మెట్లుగా విరుగుతాయి. అతను అడిగిన కోరల్ ఫైల్ వెక్టర్ రకం. వెక్టర్ ఫైల్ గీతల లెక్కలతో కూర్చినది, అగ్గిపెట్టె మీదికైనా, ఇరవై అడుగుల బోర్డు మీదికైనా ఒకే పదునుతో వెళుతుంది. కాన్వా ఉచిత ఖాతాలో ఎస్‌వీజీ అనే వెక్టర్ ఫైల్ కానీ, వెనుక తెలుపు లేని పీఎన్‌జీ కానీ దింపుకోవడానికి కుదరదు, వాటికి చందా కట్టాలి. నా దగ్గర వెక్టర్ లేకపోవడంతో ఫ్లెక్సీ అతను కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో నా బొమ్మ మీదుగా తన చేత్తో మళ్లీ గీసి ట్రేస్ చేశాడు, సంచులకు స్క్రీన్ ప్రింటింగ్ చేసినవారు తమ పద్ధతిలో చేశారు, లేబుల్ వాళ్లు ఇంకో విధంగా చేశారు. ఒకే దుకాణానికి మూడు తోరణాలు తయారయ్యాయి, మూడింటి నిష్పత్తులూ వేరు. తెర రంగులు వెలుగుతో పుట్టేవి, అచ్చు రంగులు సిరాతో పుట్టేవి కనుక, ఫోన్‌లో మెరిసిన నారింజ అట్టపెట్టె మీద ఇటుక రంగుకు దిగిపోయింది.

ఇక చట్టం సంగతి, దీన్ని కొంచెం నిదానంగా చదవమని కోరుతున్నాను. కాన్వాలో ఉన్న బొమ్మలను లోగోలో పెట్టుకుంటే ఆ లోగోను ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసుకోవడానికి వాళ్ల నిబంధనలు ఒప్పుకోవు. ఫాంట్లు, మామూలు గీతలు, ప్రాథమిక ఆకారాలు అయితే ఫరవాలేదు. కారణం సూటిగానే ఉంది. అదే బొమ్మను ప్రపంచంలో ఎవరైనా వాడుకోవచ్చు, అందువల్ల అది నా ఒక్కడి గుర్తు కాజాలదు. కాకతీయ తోరణం విషయమూ అంతే. రాష్ట్ర అధికార ముద్రలోనే ఆ తోరణం ఉంది. వరంగల్‌లో ఏ వీధికి వెళ్లినా ఆసుపత్రికీ, పాఠశాలకూ, ఫంక్షన్ హాలుకూ అదే తోరణం కనిపిస్తుంది. దాని మీద నాకున్నంత ప్రేమ ఊరందరికీ ఉంది. సరిగ్గా అందుకే అది ఒక దుకాణాన్ని పక్క దుకాణం నుంచి వేరు చేయజాలదు. ఊరి పేరు మీద ఆధారపడదామన్నా కుదరదు. వరంగల్ తివాచీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ గుర్తింపు ఏ ఒక్క వ్యాపారికీ సొంతం కాదు, నేతన్నలందరిదీ.

ఈ దశలోనే డిజైనర్‌ను పెట్టుకున్నాను. రెండు విడతల్లో పద్దెనిమిది వేలు ఇచ్చాను. ఆ డబ్బు బొమ్మకు కాదు, బొమ్మకు ముందు అడిగిన ప్రశ్నలకు చెల్లిందని ఇన్నేళ్ల వాడకం తర్వాత కూడా నమ్ముతున్నాను. లోగో ఎక్కడెక్కడ పడుతుందో జాబితా రాసివ్వమన్నారు. అన్నింటిలోకి చిన్నది ఏదో చూపించమన్నారు. లేబుల్ చేతికిచ్చాను. తర్వాత కొత్తవాడకు వచ్చి మగ్గం పక్కన కూర్చున్నారు. మా జంపఖానాల్లో ఇంటర్‌లాక్ నేత అని ఒకటుంది. పక్కపక్క రంగుల పేక దారాలు (అడ్డంగా నేసేవి) కలిసేచోట ఒకదానిలో ఒకటి చిక్కుకుని వెనక్కి తిరుగుతాయి, అందువల్ల ఏటవాలు గీత కావాలన్నా నేతలో అది మెట్లు మెట్లుగానే వస్తుంది. ఆ మెట్లతోనే ఒక వజ్రం ఆకారం గీసిచ్చారు. అందులో అడ్డగీతలు, నిలువుగీతలు తప్ప వంపు ఒక్కటీ లేదు. అందువల్ల లేబుల్ యంత్రం దాన్ని ఉన్నదున్నట్టు నేస్తుంది, నేతన్న కోరితే జంపఖానా అంచులోనే నేస్తాడు. ఒక్క రంగుతో నిలబడే గుర్తు కావడంతో రబ్బరు స్టాంపుగానూ, సంచి మీద ఒకే స్క్రీన్‌తోనూ పని జరుగుతోంది. 1971లో అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ (ఎన్ఐడీ)లో శేఖర్ కామత్ రూపొందించిన స్టేట్ బ్యాంక్ గుర్తును గమనించండి: ఒక గుండ్రం, మధ్యలో ఒక చిన్న సున్నా, దాని నుంచి కిందికి ఒక చీలిక, అంతే, పాస్‌బుక్ మీద ఎంత చిన్నగా ఉన్నా పోల్చుకుంటాము.

మా పేరు అక్షరాలను కూడా ఫాంట్ నుంచి యథాతథంగా తీసుకోకుండా, ఒత్తులను పెద్దవి చేసి, తలకట్లకూ అక్షరాలకూ మధ్య ఖాళీ పెంచి, తిరిగి గీశారు. లేబుల్ మీద పేరు ఇప్పుడు చత్వారం వచ్చినవాళ్లు కూడా చదువుతున్నారు. నలుపులో ఒకటి, ముదురు నేపథ్యం కోసం తెలుపులో ఒకటి, అచ్చు రంగులతో పీడీఎఫ్, ఎస్‌వీజీ ఫైల్, ఇంతకన్నా చిన్నగా వాడవద్దని కొలతలు రాసిన ఒక కాగితం ఇచ్చారు. అప్పటి నుంచి ఎవరూ ట్రేస్ చేయలేదు. ఒకే ఫైల్ అందరికీ వెళుతోంది.

లోపాలు లేకపోలేదు. మొదట చూపిన నమూనాలన్నీ ఇంగ్లీషు అక్షరాల చుట్టూ అల్లినవి, తెలుగు పేరు కింద తోకలా వేలాడింది. తెలుగే ముందు ఉండాలని గట్టిగా చెప్పాకే దారికి వచ్చింది. పని అనుకున్న గడువుకు చాలా తర్వాత పూర్తయింది. హక్కుల కాగితం గురించి వారంతట వారు ఎత్తలేదు, నేనే అడిగి రాయించుకున్నాను. మన కాపీరైట్ చట్టం, అంటే 1957 నాటిది, బొమ్మ గీసినవారినే తొలి యజమానిగా చూస్తుంది. డబ్బు ఇచ్చినంత మాత్రాన లోగో మనదైపోదు, సంతకంతో లిఖితపూర్వకంగా బదిలీ చేయాలి. ఆ పత్రంలో కాలం రాయకపోతే 5 ఏళ్లకే అనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అనీ చట్టం అర్థం చేసుకుంటుంది. కాబట్టి కాపీరైట్ ఉన్నంత కాలానికీ, అన్ని దేశాలకూ అని స్పష్టంగా రాయించుకుని, ఆఖరి విడత డబ్బు అప్పుడు ఇవ్వండి.

ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ఆ తర్వాతే వేశాము. ట్రేడ్‌మార్క్ కోసం సరుకులను తరగతులుగా విడదీస్తారు: తివాచీలు, చాపలు 27వ తరగతి, బల్ల గుడ్డలు 24వ తరగతి. వ్యక్తులకూ, ఉద్యమ్ (కేంద్ర ప్రభుత్వం చిన్న పరిశ్రమలకు ఇచ్చే) నమోదు ఉన్న చిన్న సంస్థలకూ ఆన్‌లైన్‌లో తరగతికి 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. నమోదైతే 10 ఏళ్లు చెల్లుతుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. నమోదు కాకముందు టీఎం అని పెట్టుకోవచ్చు గాని, వృత్తంలో ఆర్ అక్షరం పెట్టుకోవడం నేరం.

మధ్యేమార్గాల గురించి ఒక మాట. కొన్ని వందలకే లోగో చేసిచ్చే డీటీపీ దుకాణాల్లో చేతి నైపుణ్యం ఉంటుంది, కానీ అదే గుర్తు రంగు మారి ఇంకొకరి బోర్డు మీద ఉండదన్న హామీ ఉండదు. కృత్రిమ మేధ పరికరాలు తెలుగు ఒత్తులను తరచూ తప్పుగా గీస్తాయి, పైగా వాటి నుంచి సాధారణంగా చేతికొచ్చేది చుక్కల బొమ్మే.

ఎప్పుడు డిజైనర్ దగ్గరకు వెళ్లాలని అడిగినవారికి నేను చెప్పే గుర్తు ఒకటే: మళ్లీ చేయించాలంటే ఖర్చయ్యే వస్తువు మీద లోగో మొదటిసారి పడబోతున్నప్పుడు. మాకు అది నేత లేబుల్. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కొని కారం పొడి ప్యాకెట్లు వేయాలనుకునేవారికి అది ముద్రించిన పౌచ్, ఎందుకంటే గ్రావ్యూర్ అచ్చులో ప్రతి రంగుకూ ఒక సిలిండర్ చెక్కించాలి. అదే ప్యాకెట్ మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరుకూ, శాకాహార గుర్తుకూ చోటు కావాలి. ఆ రోజు రానంత వరకు సొంతంగానే చేసుకోండి, బొమ్మల జోలికి పోకుండా పేరును మంచి ఫాంట్‌లో పెట్టుకోండి.

ఈ మధ్య పిల్లల గదుల కోసం చిన్న చాపల వరుస ఒకటి మొదలుపెట్టాము. దాని పేరును రామభద్ర ఫాంట్‌లో నేనే కూర్చి, కాగితపు ట్యాగ్ మీద అచ్చు వేయించి దారంతో కడుతున్నాను. దీపావళి దాకా గిరాకీ నిలబడితే లేబుల్ ఆర్డర్ ఇవ్వడానికి ముందే దాన్ని అదే డిజైనర్ చేతిలో పెడతాను.