బ్యాటరీ షాపుకు ఒక్క స్టార్, కన్స్యూమర్ కోర్టుకు నాలుగు

ముందే చెప్పేస్తున్నా, షాపు పేరు రాయను. వ్యవహారం రాజీతో ముగిసింది, మళ్లీ గెలకడం నాకిష్టం లేదు. తిరుపతిలో ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్మే ఒక షాపు అనుకోండి చాలు. అమ్మేటప్పుడు మర్యాదకు ఐదు స్టార్లు ఇవ్వొచ్చు. కూర్చోబెట్టి టీ తెప్పించారు, ఆటో కిరాయి వాళ్లే పెట్టుకున్నారు, కుర్రాడొచ్చి చకచకా బిగించి వెళ్లాడు. అమ్మిన తర్వాత చేసినదానికి సున్నా ఇద్దామంటే కుదరదు కాబట్టి ఒకటి.

150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ అది. బిల్లు మీద '60 నెలల వారంటీ' అని పెన్నుతో రాసిచ్చారు. కార్డులో మాత్రం 36 నెలలు ఫ్రీ, ఆపైన 24 నెలలు ప్రో రేటా అని ఉంటుంది, అంటే ఆ రెండేళ్లలో పాడైతే కొత్తదానికి కొంత తగ్గింపు మాత్రమే. సరే, మాది అక్కడిదాకా పోనేలేదు. రెండో వేసవికే కరెంటు పోయిన పావుగంటకు ఫ్యాన్లు నిలబడిపోయేవి, మన ఊరి ఏప్రిల్ రాత్రుల్లో అదెలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఫోన్ చేస్తే రోజూ అదే జవాబు, "రేపు మనిషిని పంపిస్తా సార్".

చివరికి వచ్చిన కుర్రాడు ఒక్కో మూతా తీసి, యాసిడ్ బలం చూపించే హైడ్రోమీటర్ పెట్టి యాసిడ్ పీల్చి చూశాడు. ఆరు సెల్లుల్లో ఐదింటికి బుడ్డి పచ్చ గీత దగ్గర తేలింది, ఒకదానికి మాత్రం ఎర్ర గీతలోకి మునిగిపోయింది. అది నేనూ చూశాను, వాడూ చూశాడు. చూసి, ప్యాడ్ తీసి, 'నీళ్లు పోయలేదు, కస్టమర్ నెగ్లిజెన్స్, రిజెక్ట్' అని రాశాడు. నీళ్లు పోయకపోతే ఆరూ ఎండాలి కదా నాయనా, ఒక్కటే ఎట్లా పోతుంది అంటే, "అదంతా నాకు తెలీదు సార్, ఓనరుతో మాట్లాడుకోండి" అన్నాడు. ఓనరేమో బిల్లు వెనక్కి తిప్పి 'ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న లైను చూపించి, "కంపెనీవాళ్లు రిజెక్ట్ చేసినారన్నా, మేమేం జేస్తాం, కొత్తదానికి వెయ్యి తగ్గిస్తాలే" అన్నాడు.

ఆ లైను గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఊళ్లో సగం షాపుల బిల్లుల మీద అదే ఉంటుంది, సగం మంది అది చూసే వెనక్కి వచ్చేస్తారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, బిల్లులో గడువే లేకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. రంగు నచ్చలేదని చీర తిప్పి ఇస్తానంటే ఈ సెక్షను పనికి రాదు, లోపం ఉండాలి. అంతేగానీ షాపువాడు అచ్చేయించుకున్న ఒక లైను చట్టాన్ని కొట్టేయదు, కంపెనీ ఇచ్చిన వారంటీని అసలే కొట్టేయదు.

నేను ఆ కుర్రాడితో గొడవ పడలేదు. రాసిన చీటీ మీద తేదీ వేసి సంతకం పెట్టమన్నాను, పెట్టాడు. హైడ్రోమీటర్ రీడింగ్ ఫోన్లో వీడియో తీసుకున్నాను. ఆ తర్వాత జరిగినదంతా ఆ చీటీ పుణ్యమే. ఎదుటివాడు నోటితో అన్నది తర్వాత నిరూపించడం కష్టం, 'కుదరదు' అన్నమాట కూడా కాగితం మీదే తీసుకోవాలి.

మొదట 1915కు చేశాను, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. మూడున్నర స్టార్లు. తెలుగులో మాట్లాడారు, ఓపిగ్గా రాసుకున్నారు, డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, వచ్చింది, పైసా ఖర్చు లేదు. కానీ వాళ్లకు ఆర్డరు వేసే అధికారం లేదు, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబట్టడం వరకే. ఆన్‌లైన్లో కొన్న చెప్పులు, రీఫండ్ పడని టికెట్లలాంటివి అక్కడితోనే తేలిపోతుంటాయి. మాకు మాత్రం 'డీలర్ రిపోర్టు ప్రకారం నెగ్లిజెన్స్' అని కంపెనీ జవాబిచ్చి ఊరుకుంది. అదీ వృథా కాలేదు, మనం అడిగామని, వాళ్లు కాదన్నారని తేదీతో సహా రికార్డు అయ్యింది.

తర్వాత నోటీసు. కన్స్యూమర్ కేసుకు లాయరు నోటీసు తప్పనిసరి అని చట్టంలో లేదు, అయినా పంపడం మంచిది. కోర్టు దగ్గర టైపింగ్ షాపులో ఒక పేజీ కొట్టించి డీలరుకొకటి, కంపెనీకొకటి పంపాను. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కాబట్టి అక్నాలెడ్జ్‌మెంట్ కావాలని కౌంటర్లో నోరు తెరిచి అడగండి.

ఇక జిల్లా వినియోగదారుల కమిషన్. జనం ఇప్పటికీ కన్స్యూమర్ కోర్టు అనే అంటారు, నేనూ అంతే. ఉమ్మడి జిల్లా రోజుల నుంచే చిత్తూరులో ఒకటి, తిరుపతిలో ఒకటి ఉన్నాయి. మన వారంటీ కార్డు కింద చీమ తలకాయంత అక్షరాల్లో 'వివాదాలు ఫలానా నగర కోర్టుల పరిధిలోనే' అని ఉంది. ఒకప్పుడైతే అది పెద్ద తలనొప్పి. 2020 జులైలో అమల్లోకి వచ్చిన ఈ కొత్త చట్టంలో మనం నివాసం ఉండే చోట, లేదా పని చేసే చోట కేసు వేసుకోవచ్చు. కంపెనీ ఎక్కడుంటే మనకేం?

ఫీజు సంగతి చెబితే నమ్మరు. వస్తువుకు మనం కట్టింది 5 లక్షల్లోపైతే ఫీజే లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు. జిల్లా కమిషన్ 50 లక్షల వరకు చూస్తుంది. లాయరు అక్కర్లేదు, మనమే నిలబడి చెప్పుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు కూడా. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి, ఇది మాత్రం గోడ మీద రాసిపెట్టుకోండి. డీలరుతో మాట్లాడుతూ, వాట్సాప్‌లో దండాలు పెడుతూ రెండేళ్లు గడిపేసిన వాళ్లను నేను చూశాను. ఆలస్యానికి సరైన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు, మన్నించకపోనూ వచ్చు.

ఇంకోటి, డీలరును, తయారు చేసిన కంపెనీని ఇద్దర్నీ పార్టీలుగా చేర్చండి. ఒక్కరినే చేరిస్తే తప్పంతా రెండో వాళ్లదని చెప్పి చేతులు దులుపుకుంటారు. బిల్లు, కార్డు, చీటీ, 1915 డాకెట్, నోటీసు రసీదులు వరసగా పేజీ నంబర్లు వేసి, అఫిడవిట్ జత చేసి ఇచ్చాను. అవతలివాళ్లకు జవాబు ఇవ్వడానికి 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే మరో 15, ఆపైన లేదు. ఐదుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం 2020లో అది తేల్చేసింది.

కమిషన్ నోటీసు అందాక కంపెనీ మనిషి గొంతే మారిపోయింది. "కేసెందుకు సార్, కొత్తది పంపిస్తాం, విత్‌డ్రా చేసుకోండి." ముందు బ్యాటరీ, తర్వాతే సంతకం అన్నాను. కొత్త బ్యాటరీ, మార్చిన రోజు నుంచి కొత్త వారంటీ, ఖర్చుల కింద 3,000 రూపాయలు. ఈ షరతులు రాసిన రాజీ మెమో కమిషన్లోనే దాఖలు చేయించాను. బయట మాట్లాడుకుని కేసు ఎత్తేసుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. అదే కమిషన్ ఆర్డరుంటే సివిల్ కోర్టు డిక్రీలాగా అమలు చేయించుకోవచ్చు. ధిక్కరిస్తే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు గానీ, 25 వేలకు తగ్గని జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే కాలం. మూడు నెలల్లో, లేబొరేటరీ పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం. చాలాచోట్ల కేసులు ఆ లెక్కన నడవవు. టెన్షన్ పడకుండా వాయిదాలకు తిరిగే ఓపిక ఉండాలి. రాజీ కుదిరింది కాబట్టి నాకు తొందరగా తేలింది.

బస్టాండు దగ్గర వాటర్ బాటిల్ మీద ఎంఆర్‌పీ కంటే ఐదు రూపాయలు ఎక్కువ గుంజితే దానికి ఇంత అవసరం లేదు, తూనికలు కొలతల శాఖ ఉంది. కరెంటు బిల్లు తేడాకు ముందు 1912, తేలకపోతే మన కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) ఎస్పీడీసీఎల్‌లోనే వినియోగదారుల ఫోరం ఉంది, ఆ డిస్కం హెడ్డాఫీసు మన ఊళ్లోనే కదా.

అప్పుల సంగతి వేరు. మా బావమరిది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ పని చేస్తాడు. సీజన్ అయిపోతే చేతిలో డబ్బాడదు. బండి లోను ఒక ప్రైవేటు ఫైనాన్స్‌లో తీసుకున్నాడు, వాయిదాలు ఆగిపోయాయి. రాత్రి తొమ్మిదికి ఫోన్లు, పక్కింటివాళ్లకు ఫోన్లు, "జైలుకు పంపిస్తాం" అని బెదిరింపులు. వాడు బండిని మా ఇంట్లో దాచిపెడతానన్నాడు, నేను వద్దన్నాను.

ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత రికవరీవాళ్లు ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. మహిళా గ్రూపులు తీసుకునే మైక్రోఫైనాన్స్ లోన్లకైతే ఇంకా గట్టిగా, 9 నుంచి 6 వరకే. మనుషుల్ని పెట్టి దౌర్జన్యంగా బండ్లు లాక్కోవడాన్ని సుప్రీంకోర్టు 2007లోనే తప్పుపట్టింది. వాయిదా కట్టలేకపోవడం నేరం కాదు, అయితే ఇక్కడొక మెలిక ఉంది: బ్యాంకు ఖాతా నుంచి వాయిదా కోసుకునే ఆటో డెబిట్ డబ్బుల్లేక బౌన్స్ అయితే చెక్ బౌన్స్ లాంటి కేసే పెట్టొచ్చు. ఏజెంట్లు దాన్నే పట్టుకుని భయపెడతారు.

మేం చేసింది ఒకటే. కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు ఈమెయిల్ పెట్టి కాల్ లాగ్ స్క్రీన్‌షాట్లు జత చేసి, లోను స్టేట్‌మెంట్ అడిగాం. స్టేట్‌మెంట్ చూస్తే ఆలస్య రుసుమును అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేశారు. అలా కలపకూడదని రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టు సర్క్యులర్. అది కూడా రాశాం. రాత్రి ఫోన్లు ఆగిపోయాయి, లెక్కా సరిచేశారు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవాలనుకున్నాం, ఫీజు లేదు, సీఎంఎస్ అనే వెబ్‌సైట్లో పెట్టొచ్చు, 14448కి ఫోన్ చేసి అడగొచ్చు. కంపెనీకి ముందు రాయకుండా నేరుగా అక్కడికి పోతే తిప్పి కొడతారు, కన్స్యూమర్ కోర్టులో అదే విషయం మీద కేసుంటే తీసుకోరు. మాకు అక్కడిదాకా పోయే పని పడలేదు కాబట్టి స్టార్లు ఇవ్వలేను.

ఇవేవీ ఊళ్లో వారం వడ్డీవాడి దగ్గర పనికి రావు. అక్కడ ప్రోనోటు, ఖాళీ చెక్కు, అంతే. ఖాళీ చెక్కే కదా, వాడే రాసుకున్నాడు కదా అంటే చెల్లదు, సంతకం మనదైతే బాకీ లేదని నిరూపించుకోవాల్సింది మనమేనని సుప్రీంకోర్టు 2019లో స్పష్టంగా చెప్పింది. చెక్కు బౌన్స్ నోటీసు వస్తే డబ్బు కట్టడానికి 15 రోజులు టైమ్, నోటీసును బీరువాలో పెట్టి తాళం వేస్తే గడువు ఆగదు. కొంత కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోండి. మొత్తం తీరిన రోజు నోటు, చెక్కు చేతికి తీసుకున్నాకే లేవండి. మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుందని ఎగిరి గంతేసేవాళ్లు కూడా ఒకటి చూసుకోవాలి, గడువులోపు మన సంతకంతో వేసిన చెల్లు మళ్లీ మూడేళ్లు పొడిగిస్తుంది.

బావమరిది బండి లోనులో మిగిలిన బాకీ లోక్ అదాలత్‌లో తేల్చుకున్నాడు. నాలుగు స్టార్లు. కేసు పడకముందే ప్రీ లిటిగేషన్ కింద పెట్టారు, ఫీజు లేదు. కోర్టులో నడుస్తున్న కేసు అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు కూడా వాపసు వస్తుంది. లాయరు పెట్టుకోలేకపోతే న్యాయసేవాధికార సంస్థవాళ్లు ఉచితంగా ఇస్తారు, 15100కు చేయండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేదు.

లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు, కాబట్టి అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టొద్దు. బాకీ లేదనే ఎన్‌ఓసీ ఏ తేదీలోపు ఇస్తారు, ఆర్టీఏలో హైపోథికేషన్, అంటే బండి కాగితాల మీద ఫైనాన్స్ కంపెనీ పేరు, తీయడానికి ఫారం 35 మీద సంతకం ఎవరు పెడతారు, మన అప్పుల చరిత్ర ఉండే సిబిల్‌లో 'క్లోజ్డ్' అని పంపుతారా 'సెటిల్డ్' అని పంపుతారా, ఇవన్నీ అవార్డులోనే రాయించాలి. 'సెటిల్డ్', అంటే తక్కువకు తేల్చుకున్నాడని, పడితే రేపు ఇంకో లోనుకు పోయినప్పుడు అడ్డం వస్తుంది. మావాడికి మొదటి రెండూ రాశారు, మూడోదానికి కంపెనీ ఒప్పుకోలేదు. బండి మిగిలింది కదా అని సంతకం పెట్టేశాడు.