విశాఖ పెద్ద వాల్తేరులో మూడేళ్ళు నలుగురం కలిసి ఉన్న అద్దె ఫ్లాట్

వచ్చే నెల ఖాళీ చేస్తున్నాం. మూడేళ్ళు ఉన్న ఇల్లు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. అద్దె 14 వేలు, ఆడవాళ్ళం నలుగురం, తలా 3,500. రెండో అంతస్తు. సాయంత్రం కిటికీలు తీస్తే ఫ్యాన్ అక్కర్లేనంత గాలి. బీచ్ రోడ్డుకి నడిచి వెళ్ళొచ్చు, మద్దిలపాలెం జంక్షన్‌కి ఆటో ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది. నీళ్ళకి ఇబ్బంది లేదు. వీటికి ఎన్ని మార్కులైనా వేస్తాను. రిపేర్ల విషయంలో మాత్రం పదికి రెండే.

మొదటి చలికాలంలోనే బాత్రూంలో వేడినీళ్ళ కుళాయి పట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది. ముందు గమనించింది మాతో ఉండే నర్సు అక్క. నైట్ డ్యూటీ నుంచి వచ్చి పొద్దున్నే స్నానం చేసేది తనే. "కుళాయిలో కరెంటు వస్తోందే" అంది. "ఓనరుకి చెప్పాలి" అనుకున్నాం అందరం. తను చెప్పిందనుకున్నాను నేను. నేను చెప్పాననుకుంది తను. మేమిద్దరం చూసుకుంటున్నాం కదా అని మిగతా ఇద్దరూ ఊరుకున్నారు. వేసవి వచ్చింది, గీజరు అవసరం పోయింది, మాట మరుగున పడింది. మళ్ళీ చలికాలం వచ్చేసరికి బాత్రూం గుమ్మం దగ్గర నీలం పట్టీల రబ్బరు చెప్పులు ఒక జత వచ్చి చేరాయి. స్నానానికి వెళ్ళేవాళ్ళు అవి వేసుకోవాలి, గీజరు స్విచ్ ఆపాలి, ఆ తర్వాతే కుళాయి తిప్పాలి. కొత్తగా చేరిన అమ్మాయికి ఉప్పు డబ్బా ఎక్కడుందో చూపించినట్టే ఇదీ చూపించాం. తలుచుకుంటే ఇప్పటికీ నాకు చాలా బాధేస్తుంది.

ఒకరోజు అక్క అలసటలో స్విచ్ ఆపడం మర్చిపోయింది. చప్పుడు విని పరిగెత్తాం. చెయ్యి విదిలించుకున్న ఊపుకి వెనక్కి పడి, మోచెయ్యి గోడకి కొట్టుకుని వాచిపోయింది. అంతటితో పోయిందంటే మా అదృష్టం.

ఆరోజే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. ప్లగ్ బోర్డు విప్పి చూపించాడు. పెద్ద రంధ్రం, అంటే ఎర్త్ పిన్ను వెళ్ళే చోట, లోపల వైరే లేదు. బోరు నీళ్ళకి గీజరు ఎలిమెంట్ పాడై, కరెంటు నీళ్ళలోకి, కుళాయిలోకి దిగుతోంది. ఎర్త్ లేదు కాబట్టి అది పోవడానికి దారి మన ఒళ్ళే. "మరి ఎంసీబీ, అదే మెయిన్ బోర్డులో దానంతటదే పడే స్విచ్, పడాలి కదా?" అని అడిగాను. ఎంసీబీ లోడు ఎక్కువైనా, షార్టయినా పడుతుంది, ఇంత చిన్న లీకేజీకి పడదట. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు కొంచెం లీకైనా వెంటనే సప్లై ఆపేసే స్విచ్. ఇళ్ళకి 30 మిల్లీ ఆంపియర్లది పెడతారు. మా ఇంట్లో అది లేనే లేదు.

ఓనరుకి ఫోన్ చేస్తే, "హుద్‌హుద్‌కే చెక్కుచెదరని బిల్డింగమ్మా ఇది, గీజరుకేమవుతుంది" అన్నారు. 2014 అక్టోబరు 12న ఆ తుఫాను మా ఊరి మీద పడ్డప్పుడు నేనూ ఇక్కడే ఉన్నాను, ఆ మాటలో గర్వం నాకు అర్థమవుతుంది. కానీ గాలికి నిలబడ్డ గోడలు, గోడలోపల లేని వైరుకి జవాబు కావు. గట్టిగా అడిగితే, "11 నెలల అగ్రిమెంటే కదా, నచ్చకపోతే ఖాళీ చేసేయండి" అన్నారు.

అప్పుడు నలుగురం కూర్చుని, ఇకమీదట ఓనరుతో మాట్లాడేది ఒక్కరే అనుకున్నాం. నేను ఒప్పుకున్నాను. కలిసి ఉండేవాళ్ళు ఇంట్లో దిగిన రోజే చేయాల్సిన పని ఇది. ఫొటోలు, తేదీలు, ఎలక్ట్రీషియన్ రాసిచ్చిన కాగితం కలిపి వాట్సాప్‌లో పెట్టి, అదే ఉత్తరం రిజిస్టర్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఒక సంగతి ఉంది: ఓనరు చేయించాల్సిన రిపేరు, నోటీసు ఇచ్చాక తగిన గడువులో చేయించకపోతే, అద్దెకున్నవాళ్ళు చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చు. పెద్ద రిపేర్లు ఓనరువేనని మా అగ్రిమెంటులో ఒక లైను ఉండటం మాకు కలిసొచ్చింది. మీదీ తీసి ఒకసారి చదవండి. 15 రోజులు ఆగాం. జవాబు లేదు. ఎర్త్ వైరు, ఆర్‌సీసీబీ, కొత్త ఎలిమెంట్, కూలీతో కలిపి 3,400 అయింది. ఆ నెల 10,600 పంపి, బిల్లు జత చేశాను. ఆయన కోపంగా ఫోన్ చేశారు, అరిచారు, కానీ డబ్బు మళ్ళీ అడగలేదు. అప్పటిదాకా నాకున్న టెన్షన్ మాటల్లో చెప్పలేను.

శ్లాబు విషయంలో మాత్రం ఓడిపోయాం. హాల్లో చాప మీద బట్టలు మడతపెడుతుంటే పైనుంచి చపాతీ అంత పెచ్చు ఊడి, అప్పుడే మడిచిన చీర మీద పడింది. నా చేతికి జానెడు దూరం. పైకి చూస్తే చువ్వ కనిపిస్తోంది, వేలితో రాస్తే ఎర్రటి పొడి. పై ఫ్లాట్ బాత్రూం లీకు, దానికి తోడు సముద్రపు ఉప్పుగాలి. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని తోసేస్తుంది. ముందు లీకు ఆపాలి, వదులైనదంతా కొట్టేయాలి, తుప్పు గీకి చువ్వకి పూత వేయాలి, ఆ తర్వాతే పైన సిమెంటు. ఓనరు మేస్త్రీని పంపి తుప్పు మీదే సిమెంటు పూయించారు. వానాకాలం దాటకుండానే అదీ ఊడింది. ఇలాంటి పని అద్దెకున్నవాళ్ళం చేయించగలిగేది కాదు. మంచాలు పక్క గదిలోకి జరుపుకుని, హాల్లో పడుకోవడం మానేసి, ఇల్లు వెతకడం మొదలుపెట్టాం.

గ్యాస్ ట్యూబు మేమే మార్చుకున్నాం. దాని మీద తేదీ ఉంటుంది, ఐదేళ్ళు దాటితే మార్చేయాలి. వాసన వస్తే 1906, కరెంటు గురించి అయితే 1912. ఈ రెండూ ఫ్రిజ్ మీద రాసి అతికించాం.

మొన్న ఆదివారం ఇల్లు చూడటానికి ఇద్దరమ్మాయిలు వచ్చారు. ఓనరు గారు బాల్కనీ చూపిస్తుంటే, నేను వాళ్ళని హాల్లోకి పిలిచి పెచ్చు ఊడిన చోటు చూపించాను. తర్వాత మెయిన్ బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కాను. టక్‌మని పడి ఇల్లంతా కరెంటు పోయింది. "నెలకోసారి ఇలా నొక్కి చూసుకోవాలమ్మా, పడకపోతే వెంటనే మార్పించాలి" అని చెప్పి, మళ్ళీ ఆన్ చేశాను.