జీటీ 730 కార్డు, లినక్స్ మింట్ 22: కొనే ముందు చిప్పు చూసుకోండి

బరంపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు ఆఫీసుల నుంచి దిగిన పాత డెల్, హెచ్‌పీ డెస్క్‌టాప్ కొనబోతే, షాపువాళ్లు పైన వేసి ఇచ్చే గ్రాఫిక్స్ కార్డుల్లో ఎన్విడియా జీటీ 730 ఒకటి. "4 జీబీ కార్డండీ" అంటారు. ఆ 4 జీబీకీ వేగానికీ సంబంధం లేదు. లినక్స్‌లో (విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్, మింట్ అందులో ఒక రకం) అసలు తేలాల్సింది లోపలి చిప్పు.

ఈ ఒక్క పేరుతోనే రెండు తరాల చిప్పులు అమ్మారు. 128-బిట్ డీడీఆర్3 మెమరీ రకంలో ఉండేది ఫెర్మి తరం జీఎఫ్108. దీనికి ఎన్విడియా ఇచ్చిన ఆఖరి డ్రైవర్ (కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) 390. 2022తో దానికి అప్‌డేట్లు ఇవ్వడం మానేసింది. కొత్త కెర్నెల్ (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) మీద దాంతో కుస్తీ దండగ, లినక్స్‌తోనే వచ్చే ఉచిత నూవో డ్రైవర్‌తో సరిపెట్టుకోవాలి. 64-బిట్ రకంలో ఉండేది కెప్లర్ తరం జీకే208. దీనికి 470 డ్రైవర్ పనిచేస్తుంది, కానీ దానికీ 2024 సెప్టెంబరుతో సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి.

అందుకే మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ జేబులో వేసుకెళ్లండి. షాపులోనే లైవ్‌గా, అంటే ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి, టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ (lspci) కమాండ్ కొట్టండి. వీజీఏ (VGA) అన్న లైనులో జీఎఫ్108 (GF108) అని ఉంటే కార్డు వెనక్కిచ్చేయండి. బూట్ చెయ్యనివ్వకపోయినా అంతే.

జీకే208 (GK208) అయితే, మింట్ ఇన్‌స్టాల్ చేశాక డ్రైవర్ మేనేజర్ తెరిచి 470 ఎంచుకుని రీస్టార్ట్ చెయ్యాలి. సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని ఆపే రక్షణ) ఆన్‌లో ఉంటే ముందే ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, రీస్టార్ట్‌లో నీలం తెర వస్తుంది. అక్కడ ఎన్‌రోల్ ఎంఓకే (Enroll MOK) నొక్కి అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. చాలామంది కంటిన్యూ నొక్కేస్తారు. అప్పుడు డ్రైవర్ లోడవదు, తప్పంతా కార్డు మీదికి పోతుంది. ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోతే ప్యాకేజీలు సగంలో ఆగుతాయి. కాలబైశాఖి (వేసవి గాలివాన) రోజుల్లో యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోవద్దు. ఆగిపోతే గ్రబ్ (బూట్ అయ్యేముందు వచ్చే) మెనూ నుంచి రికవరీ మోడ్‌కెళ్లి డీపీకేజీ (dpkg, ప్యాకేజీల్ని సరిచేసేది) ఎంచుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

వీడియోలో బొమ్మ అడ్డంగా చీలినట్టు కనిపిస్తే ఎన్విడియా సెట్టింగ్స్‌లో ఫోర్స్ ఫుల్ కంపోజిషన్ పైప్‌లైన్ టిక్ పెట్టండి. దాన్ని సేవ్ చెయ్యకపోతే రీస్టార్ట్‌లో పోతుంది.

పాత వీజీఏ మానిటర్‌తో తెర 1024×768 దగ్గరే ఆగితే డ్రైవర్‌ని తిట్టే ముందు కేబుల్ చూడండి. పిన్నులు తక్కువున్న చవక కేబుల్లో మానిటర్ తన సైజు కంప్యూటర్‌కి చెప్పడం కుదరదు. వేరే కేబుల్ వేస్తే చాలాసార్లు తీరిపోతుంది.

కెర్నెల్ అప్‌డేట్ తర్వాత నల్ల తెర వస్తే గ్రబ్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోంచి పాత కెర్నెల్‌తో బూట్ చెయ్యండి. 470 లాంటి పాత డ్రైవర్ కొత్త కెర్నెల్‌కి కుదరకపోవడం వల్ల వచ్చే బాధ ఇది. పాత కెర్నెల్ తీసెయ్యకండి.

ఇంతకీ కొనాలా? నాలుగో తరం ఐ5 ఉన్న డెస్క్‌టాప్‌లో ప్రాసెసర్‌లోనే ఇంటెల్ హెచ్‌డీ 4600 గ్రాఫిక్స్ ముందే ఉంది. డ్రైవర్ కెర్నెల్‌లోనే వస్తుంది, ఏమీ వెయ్యక్కర్లేదు. టైపు సెంటర్‌కి, సీఎస్‌సీ పనికి, యూట్యూబ్‌కి అది చాలు. డెల్ 9020లో రెండు డిస్‌ప్లే పోర్టులు, ఒక వీజీఏ ఉన్నాయి కాబట్టి రెండో మానిటర్‌కీ కార్డు అవసరం లేదు. ఆ డబ్బు ఎస్ఎస్‌డీకి పెట్టండి. కార్డు ఇప్పటికే ఉంటే పీకి, మానిటర్ కేబుల్‌ని మదర్‌బోర్డు పోర్టుకి మార్చండి. కార్డు ఉండగా చాలా మోడళ్లలో బయోస్ (మదర్‌బోర్డులోని స్టార్టప్ సాఫ్ట్‌వేర్) ఆ పోర్టుల్ని ఆపేస్తుంది.